నీళ్ళ మీది ఊరికి నిదానంగా వెళ్దాం!

"ఏమండీ, ఈసారి యూరప్ వెళ్దామా?" అని మీరడిగారు. మీవారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "చూద్దాంలే" అన్నారు. ఆ "చూద్దాంలే" ఏ రెండేళ్ళకో "సరే" అయ్యాక మన ఇళ్ళలో ఏం జరుగుతుందో చెప్పమంటారా? పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామనే టూర్ కరపత్రం ఒకటి ఇంటికొస్తుంది. "ఇన్ని దేశాలు ఇంత తక్కువలోనే!" అని మురిసిపోయి డబ్బు కట్టేస్తాం.

మేమూ అదే చేశామండీ. అందుకే ఈ వ్యాసం. ఇటలీలోని వెనిస్ నగరాన్ని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఎలా చూడకూడదో తెలిసింది. రెండోసారి ఎలా చూడాలో తెలిసింది. మీకు ఒక్కసారే వెళ్ళే అవకాశం ఉంటే, నా రెండో ప్రయాణమే మీ మొదటి ప్రయాణం కావాలని నా కోరిక.

నాలుగు గంటల వెనిస్

2019 జూన్‌లో మావారు, నేను, మా అత్తగారు ఒక టూర్ బృందంతో వెళ్ళాం. అత్తగారికి అప్పటికి అరవై ఏడేళ్ళు. ఆవిడది నర్సాపురం దగ్గర కాలువగట్టు ఊరు. పెళ్ళయ్యేదాకా లేసు అల్లి, ఆ వచ్చిన డబ్బుతో తమ్ముళ్ళకి పుస్తకాలు కొన్నారు. వెనిస్ పక్కన బురానో అనే దీవి ఉందని, అక్కడి ఆడవాళ్ళు వందల ఏళ్ళుగా లేసు పని చేస్తున్నారని ఏదో పత్రికలో చదివి, ఆ కాగితం చింపి బీరువాలో దాచుకున్నారు కూడా. టూర్ ఖాయమయ్యాక ఆవిడ అడిగింది ఒక్కటే. "అమ్మాయ్, ఆ లేసు దీవి చూపిస్తారా?"

"వెనిస్ అంటే అదీ ఉంటుందిలెండి అత్తయ్యా" అన్నాను నేను. కరపత్రం సరిగ్గా చదవకుండానే!

జరిగిందేమిటంటే, మా బస్సును ఊరి బయట ఆపి, పెద్ద పడవలో తీసుకెళ్ళి రేవులో దింపారు. అక్కడి నుంచి సెయింట్ మార్క్ చౌకుకి వెళ్ళాలంటే మెట్ల వంతెనలు రెండు దాటాలి. మోకాళ్ళ నొప్పులతో అత్తగారు మొదటి వంతెనకే కూలబడ్డారు. ఆ తర్వాత గాజు బొమ్మల తయారీ అంటూ ఒక షాపులో ముప్పావు గంట, పడవ షికారుకి క్యూలో గంట. నాలుగు గంటలు అయిపోయాయి, పదండి పదండి అన్నారు. బురానో సంగతి అడిగితే "అది ప్రోగ్రాంలో లేదమ్మా" అన్నాడు గైడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ నవంబరు 12న వెనిస్‌లో 187 సెంటీమీటర్ల ఎత్తున సముద్రం పోటెత్తిందని టీవీలో చూపించారు. చౌకంతా చెరువైపోయింది. అది చూసి "పాపం, ఆ లేసు వాళ్ళ ఇళ్ళెలా ఉన్నాయో" అన్నారు. మళ్ళీ తీసుకెళ్దామనుకునేలోపు కరోనా వచ్చిపడింది. ఇంకోపక్క డాక్టరుగారు మోకాళ్ళ ఆపరేషన్ మాట ఎత్తారు. చివరికి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి "నానమ్మని తీసుకురా అమ్మా, రైలు టిక్కెట్లు నేను కొంటాను" అన్నాడు. అలా 2024 మే నెలలో మళ్ళీ బయలుదేరాం. ఈసారి ప్లాను నాది!

ముందు ఒక కాగితం తియ్యండి

ప్రయాణంలో ఎవరెవరు ఉన్నారో, ఒక్కొక్కరూ తప్పకుండా చూడాలనుకునేది ఏమిటో రాయండి. ఒక్కొక్కరికి ఒక్కటే! మా కాగితం మీద అత్తగారిది బురానో, మావారిది కూరగాయల మార్కెట్టు (నవ్వకండి, నిజమే), నాది మార్కో పోలో ఇల్లు. ఈ మూడింటినీ ముందు రోజుల్లో సర్ది, మిగిలినవి వాటి చుట్టూ పెట్టుకున్నాం. ఊళ్ళ సంఖ్య తగ్గించి, ఈ ఒక్క ఊరికే మూడు రాత్రులు ఇచ్చాం.

ఇక కాలం. జూలై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువ, జనమూ ఎక్కువ. అక్టోబరు చివరి నుంచి జనవరి వరకూ పోటు నీళ్ళు రావచ్చు. 2020 అక్టోబరు 3 నుంచి సముద్ర ముఖద్వారాల దగ్గర 'మోసె' అనే ఉక్కు తలుపులు లేపి పెద్ద పోట్లను ఆపుతున్నారు గనుక మునుపటంత భయం లేదు. అయినా ఏప్రిల్ చివర, మే, సెప్టెంబరు చివర మనవాళ్ళకి హాయి.

వీసా, పెట్టె సర్దుడు

ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చెయ్యొచ్చు. చివరిదాకా ఆగకండి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా ఉండాలి. రెండు మూడు దేశాలు తిరిగేట్టయితే ఎక్కువ రోజులు ఉండే దేశం ద్వారానే దరఖాస్తు చెయ్యాలి. మాకు జర్మనీలో ఎక్కువ రోజులు కాబట్టి జర్మనీకే పెట్టుకున్నాం.

పెట్టెలో పాలకోవా, నేతి మిఠాయిలు, నెయ్యి సీసా పెట్టకండి. యూరప్ దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, రసం పొడి, వేయించిన అటుకులు చాలు.

ఇంకో ముఖ్యమైన మాట. వెనిస్‌లో కార్లు, ఆటోలు ఉండవు. వీధుల్లో సైకిలు కూడా ఉండదు. వందకు పైగా దీవులను నాలుగు వందలకు పైగా వంతెనలతో కలిపిన ఊరది. దాదాపు అన్ని వంతెనలకూ మెట్లే. మీ పెట్టెని మీరే మొయ్యాలి. కాబట్టి మనిషికి ఒక చిన్న పెట్టె, అంతే. చీర కట్టుకునేవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టి పిన్ను పెట్టుకుంటే మెట్ల మీదా, పడవ ఎక్కేటప్పుడూ ఇబ్బంది ఉండదు. కాళ్ళకి బూట్లే వేసుకోండి. చీర మీద బూట్లేమిటని సిగ్గుపడ్డారో, సాయంత్రానికి మీ పాదాలే బుద్ధి చెబుతాయి!

బస ఊళ్ళోనే

టూర్ల వాళ్ళు ఖర్చు తగ్గుతుందని నేల మీదున్న మేస్ట్రేలో దింపుతారు. రైల్లో పది పన్నెండు నిమిషాలే, నిజమే. కానీ పగటిపూట వచ్చిన జనం సాయంత్రానికి వెళ్ళిపోయాక, పొద్దున్నే వాళ్ళింకా రాకముందు కనిపించే వెనిస్ వేరు. సందుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది. ఎవరో కిటికీలోంచి తీగ మీద బట్టలారేస్తుంటారు. ఆ ఊళ్ళో 1951లో లక్షా డెబ్భై వేలకు పైగా జనం ఉండేవారు. ఇప్పుడు యాభై వేల లోపే. ఆ మిగిలినవాళ్ళ ఊరు మనకి కనిపించాలంటే అక్కడే పడుకోవాలి.

మేము వంటగది ఉన్న చిన్న ఇల్లు తీసుకున్నాం. ఇల్లు వెతికేటప్పుడు "పడవ స్టాపు నుంచి వంతెన ఎక్కకుండా రావచ్చా? లిఫ్టు ఉందా?" అని ముందే అడగండి. ఈ రెండు ప్రశ్నలే మా అత్తగారిని కాపాడాయి.

2024 నుంచి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చి వెళ్ళేవారి దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. 2025లో ముందుగా కడితే 5 యూరోలు, చివర్లో కడితే 10. ఊళ్ళో బస చేసేవాళ్ళకి అది లేదు. కాకపోతే ముందే పేరు నమోదు చేసుకోవాలి. రాత్రికింతని బస పన్ను మాత్రం విడిగా ఉంటుంది.

పడవే మన సిటీ బస్సు

మ్యూనిక్ నుంచి రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా రోడ్డు ఉండాల్సిన చోట గ్రాండ్ కెనాల్! దాదాపు 3.8 కిలోమీటర్ల ఈ పెద్ద కాలువ ఊరి మధ్యన పాములా మెలికలు తిరుగుతుంది. దీని మీద తిరిగే బస్సు లాంటి పడవ పేరు వాపొరెత్తో. 2025లో 75 నిమిషాల టిక్కెట్టు 9 యూరోల 50 సెంట్లు, 72 గంటలదైతే 45 యూరోలు. (యూరో అంటే వంద రూపాయలకు అటూ ఇటూ.) లెక్క వేసుకోండి, మూడు రోజుల టిక్కెట్టే లాభం. ఎక్కే ప్రతిసారీ యంత్రానికి ఆనించడం మరచిపోకండి.

1వ నంబరు పడవ కాలువకు అటూ ఇటూ అన్ని స్టాపుల్లో ఆగుతూ వెళుతుంది. కాలువ అవతలికి వెళ్ళాలంటే వంతెనే ఎక్కనక్కర్లేదు, ఈ పడవెక్కి అవతలి ఒడ్డున దిగితే సరి! సెయింట్ మార్క్ చౌకుకి వాల్లరెస్సో స్టాపులో దిగితే ఒక్క వంతెన కూడా లేకుండా చేరుకోవచ్చు. మొదటిసారి ఈ సంగతి తెలిసుంటే అత్తగారు ఆ వంతెన దగ్గర కూలబడేవారే కాదు.

ఇక గొండోలా. 'ద గ్రేట్ గ్యాంబ్లర్' హిందీ సినిమాలో అమితాబ్, జీనత్ అమన్ షికారు చేసిన నల్లపడవ అదే. 2023 నవంబరు నుంచి పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి 110. ఇది మనిషికి కాదు, పడవకి. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. అంత వద్దనుకుంటే 'త్రాగెత్తో' అడగండి. కాలువను అడ్డంగా దాటించే గొండోలా అది. రెండే యూరోలు, రెండే నిమిషాలు! మన గోదావరి రేవు దాటినట్టే ఉందని అత్తగారు మురిసిపోయారు.

చౌకు, మార్కెట్టు, బావులు

సెయింట్ మార్క్ చర్చికి పొద్దున్నే వెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. మన చీరకి ఏ బెంగా లేదు. లోపల గోడలన్నీ బంగారు రంగు గాజుపలకల బొమ్మలే. అక్కడి నాలుగు కంచు గుర్రాలను 1204లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చారు. 1797లో నెపోలియన్ ఎత్తుకుపోతే 1815లో తిరిగొచ్చాయి. బయట కనిపించేవి నకళ్ళు, అసలువి లోపలి మ్యూజియంలో ఉన్నాయి. ఎదురుగా ఉన్న గంటల గోపురం 1902లో కుప్పకూలితే 1912కల్లా మళ్ళీ కట్టారు. అందులో లిఫ్టు ఉంది, కాబట్టి పెద్దవాళ్ళూ పైకి వెళ్ళొచ్చు. చౌకులో మెట్ల మీద కూర్చుని తింటే జరిమానా, పావురాలకి గింజలేసినా జరిమానా. జాగ్రత్త!

రియాల్టో వంతెన 1591లో పూర్తయింది. దాని పక్కనే మార్కెట్టు. వంకాయలు, ఆకుకూరలు, పక్క దీవుల్లో పండిన ఆర్టిచోక్ మొగ్గలు, అన్నీ పడవల మీద దిగుతాయి. ఆదివారం వెళ్ళకండి, మూసేస్తారు. అక్కడికి దగ్గర్లోనే మార్కో పోలో కుటుంబం ఉండేదని చెప్పే చిన్న వాకిలి ఉంది. 1271లో ఆయన బయలుదేరింది ఈ ఊరి నుంచే, 1295లో తిరిగొచ్చిందీ ఇక్కడికే. మన మోటుపల్లి రేవును గురించి, ఆ రాజ్యమేలిన తెలివైన రాణిని గురించి, అక్కడి సాలెగూడు లాంటి సన్నని బట్టలను గురించి తన పుస్తకంలో చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారులంటారు. ఆ వాకిట్లో నిలబడితే ఎంత సంతోషమేసిందో!

ప్రతి చౌకులోనూ ఒక రాతి బావి కనిపిస్తుంది. చుట్టూ నీళ్ళే, కానీ ఉప్పునీళ్ళు. అందుకని చౌకుల కింద ఇసుక నింపి, వాననీళ్ళు దానిలో ఇంకి, వడకట్టుకుని బావిలోకి చేరేట్టు కట్టారు. 1884లో నేల మీది నుంచి గొట్టాల నీళ్ళు వచ్చేదాకా ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలు నింపుకున్నది ఇక్కడే. ఇప్పుడు వీధి కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. సీసా వెంట ఉంచుకోండి, డబ్బు మిగులుతుంది.

మన తిండి మాటేమిటి?

"సోనో వెజెటేరియానా" అంటే నేను శాకాహారిని అని. "సెన్జా కార్నె, సెన్జా పేషె" అంటే మాంసం, చేప లేకుండా అని. ఈ రెండూ రాసి పెట్టుకోండి. మార్గరీటా పిజ్జా, టమాటా సాసుతో పాస్తా ఎక్కడైనా దొరుకుతాయి. రిసోత్తో, సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారు కాబట్టి "బ్రోదో" ఏమిటని అడగండి. కొన్ని చీజులు పశువుల కడుపులోంచి తీసిన పదార్థంతో చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్ళు చీజు వద్దనడమే మేలు. హోటల్లో కూర్చున్నందుకు "కొపెర్తో" అని బిల్లులో కొంత కలుస్తుంది, గొడవపడకండి. కాఫీ నిలబడి తాగితే చవక.

రాత్రిళ్ళు మేము ఇంట్లోనే వండుకున్నాం. ఇటలీ వాళ్ళు పండించే ఆర్బోరియో బియ్యం మన సన్నబియ్యంలా పొడిపొడిగా రాదు. ముద్దగా అవుతుంది. పెరుగన్నానికి మాత్రం అద్భుతం! "యోగుర్ట్ బియాంకో" కొనండి, అది తియ్యదనం లేని పెరుగు. డబ్బా మీద చక్కెర కలిపారేమో చూసుకోండి.

లేసు దీవిలో

మూడో రోజు పొద్దున్నే ఫొందమెంతె నోవె రేవులో 12వ నంబరు పడవ ఎక్కాం. దారిలో మురానో వస్తుంది. మంటల భయంతో 1291లో గాజు బట్టీలన్నిటినీ ఈ దీవికి తరలించారు. పూసలు, గాజు వస్తువులు కొనేట్టయితే 'వెత్రో ఆర్తిస్తికో మురానో' ముద్ర ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఎక్కడి నుంచో వచ్చిన సరుకు అయి ఉండొచ్చు.

ముప్పావు గంటలో బురానో చేరాం. ఆకుపచ్చ, పసుపు, గులాబీ రంగు ఇళ్ళు ముగ్గులో రంగులు నింపినట్టున్నాయి. అత్తగారు మాత్రం ఇళ్ళవైపు చూడలేదు. "లేసెక్కడ?" అన్నారు. నెమ్మదిగా నడిపించుకుంటూ లేసు మ్యూజియానికి తీసుకెళ్ళాం. అది సోమవారం ఉండదు, రోజు చూసుకుని వెళ్ళండి. 1872లో పెట్టిన లేసు బడి భవనమే ఇప్పుడు మ్యూజియం.

లోపల ఒక పెద్దావిడ ఒళ్ళో దిండు పెట్టుకుని సూదితో కుడుతోంది. మన నర్సాపురం లేసు కొక్కెం సూదితో అల్లేది. వీళ్ళది మామూలు సూది, దారం. కాగితం మీద గీసిన బొమ్మ వెంట గుడ్డ లేకుండా గాల్లోనే కుట్టు నిలబెడతారు. ఒక్కొక్కరికి ఒక్కో దశ వచ్చు, అన్నీ కలిస్తేనే ఒక పువ్వు. అందుకే అసలైన బురానో లేసు అంత ఖరీదు. దుకాణాల్లో చవగ్గా దొరికేది చాలావరకు మిషను సరుకే.

అత్తగారు ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చున్నారు. ఈవిడకి ఇటాలియన్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. కాసేపు చూసి, సంచీలోంచి కొక్కెం సూది, తెల్లదారం ఉండ తీశారు. ఇంటి దగ్గర్నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చారట, నాకే తెలియదు! పది నిమిషాల్లో ఒక పువ్వు అల్లి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కిటికీ వెలుగులో పట్టి, వెనక్కి తిప్పి, ముడులు ఎక్కడున్నాయోనని చూసింది. తర్వాత అత్తగారి చెయ్యి పట్టుకుని, చూపుడువేలి మీద దారం రాసుకుపోయి గట్టిపడిన చోటు తడిమింది. తన వేలు చూపించింది. అలాంటి మచ్చే!

గంటన్నర అక్కడే కూర్చున్నాం. వెనిస్‌లో మేము చూడనివి ఇంకా చాలా ఉండిపోయాయి. డోజుల రాజభవనానికి టైము చాలలేదు. అయినా పడవలో తిరిగి వస్తుంటే అత్తగారు "డజను పువ్వులకి మా ఊళ్ళో ఏజెంటు ఇచ్చిన డబ్బులు గుర్తొచ్చాయే అమ్మాయ్. పనేమో ఇంత గొప్పదని నాకెవరూ చెప్పలేదు" అన్నారు. నర్సాపురం లేసుకు అదే ఏడాది భౌగోళిక గుర్తింపు వచ్చిందని మా అబ్బాయి చెబితే, ఆ ముక్క ఆవిడ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఆ డిసెంబరులో ఆవిడకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంట్లో నడుస్తున్నారు. అంత దూరం ఇక వెళ్ళనంటున్నారు.

కాబట్టి చెల్లెళ్ళూ, కరపత్రం తెచ్చుకునే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం రాయండి. అత్తగారినీ, అమ్మనీ అడగండి. వాళ్ళు "నాకేం వద్దులే" అంటే రెండోసారి అడగండి. మీ కోరిక రాసుకోవడం కూడా మరచిపోకండి. ధరలు, వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు మరోసారి సరిచూసుకోండి. కందిపొడి డబ్బా మూత గట్టిగా బిగించండి. మీ ప్రయాణం హాయిగా సాగాలి!